లియర్ రాజు పంపకం: కశింకోట రూపం

షేక్‌స్పియర్ నాటకాల్లో ఈనాటి ఇంట్లోకి తెచ్చి చెప్పడానికి సులువుగా కనిపించే దృశ్యాల్లో ‘కింగ్ లియర్’ మొదటి అంకం మొదటి రంగం ఒకటి. ఎనభై దాటిన రాజు నిండు సభలో రాజ్యం పటం తెప్పిస్తాడు. ముగ్గురు కూతుళ్ళకూ పంచేసి పాలన బరువు దించుకుంటానంటాడు. పంచే ముందు ఒక పరీక్ష పెడతాడు. తన మీద ఎవరికెంత ప్రేమో నోటితో చెప్పాలి, ఎక్కువ ప్రేమున్నవాళ్ళకు ఎక్కువ భాగం. పెద్దది గానెరిల్, రెండోది రీగన్ ఒకరిని మించి ఒకరు పొగుడుతారు. చిన్నది కార్డీలియా చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదంటుంది. కూతురికి తండ్రి పట్ల ఎంత బాధ్యత ఉంటుందో అంత ప్రేమే తనదనీ, పెళ్ళయితే అందులో సగం భర్తకు పోతుందనీ లెక్క చెబుతుంది. రాజు మండిపడి ఆమెకు చిల్లిగవ్వ ఇవ్వనంటాడు. అడ్డువచ్చిన నమ్మకస్తుడు కెంట్‌ను దేశం నుంచే వెళ్ళగొడతాడు. పిల్లను చేసుకుందామని వచ్చిన ఇద్దరిలో బర్గండీ ప్రభువు కట్నం లేదనగానే జారుకుంటాడు. ఫ్రాన్సు రాజు మాత్రం కట్టుబట్టలతో నిలబడిన పిల్లనే తీసుకుపోతాడు. ఇదంతా మూడు వందల పంక్తులకు కాస్త అటూ ఇటూగా ముగిసిపోతుంది.

కథ షేక్‌స్పియర్ కల్పించింది కాదు. 12వ శతాబ్దంలో మాన్మత్ జెఫ్రీ రాసిన బ్రిటన్ రాజుల చరిత్రలో ఉంది. 16వ శతాబ్దపు హోలిన్‌షెడ్ చరిత్రల్లో ఉంది. 1605లో అచ్చయిన, రచయిత పేరు తెలియని ఒక నాటకంలోనూ ఉంది. ఆ పాత నాటకం చివర రాజు మళ్ళీ గద్దె ఎక్కుతాడు. 1606 డిసెంబరు 26న లండన్ వైట్‌హాల్ భవనంలో ఒకటో జేమ్స్ రాజు ముందు ఆడిన షేక్‌స్పియర్ నాటకంలోనైతే కూతురూ చనిపోతుంది, తండ్రీ చనిపోతాడు. ఆ ముగింపును ఇంగ్లండు ప్రేక్షకులే చాలాకాలం భరించలేకపోయారు. 1681లో నహూమ్ టేట్ అనే కవి కార్డీలియాను బతికించి పెళ్ళి చేసిన రూపమే సుమారు నూట యాభై ఏళ్ళపాటు అక్కడి రంగస్థలాన్ని ఏలింది. ఇంకా వెనక్కి పోతే దొరికేది ఒక జానపద కథ. తండ్రిని ఉప్పంత ఇష్టపడతానన్న చిన్నకూతుర్ని రాజు ఇంట్లోంచి గెంటేస్తాడు. ఉప్పులేని కూడు నోట్లో పెట్టుకున్నాక బుద్ధి తెచ్చుకుంటాడు. యూరప్‌లోనూ మన దేశంలోనూ ఎన్నో భాషల్లో ఈ కథ తిరుగుతోంది. అందువల్ల లియర్ కథను మార్చి చెప్పడం అపచారమేమీ కాదు. అది మారుతూనే షేక్‌స్పియర్ దాకా వచ్చింది.

మార్చేవాళ్ళు ముందుగా తేల్చుకోవలసింది ఒకటుంది. ఈ దృశ్యంలో ఏది పోయినా ఫర్వాలేదు, ఏది పోతే కథే పోతుంది? కిరీటం పోవచ్చు, సభ పోవచ్చు, రాజ్యం పటం పోవచ్చు. పోకూడనివి రెండే. మొదటిది లియర్ కోరిక. అధికారం ఇచ్చెయ్యాలి, అధికారం వెంట వచ్చే మర్యాద మాత్రం తన దగ్గరే ఉండిపోవాలి. రాజు అన్న పేరూ, నూరుమంది పరివారమూ అట్టిపెట్టుకుని మిగతాదంతా ఇచ్చేస్తాడు. ఇచ్చేసినదానితోపాటు ఉంచుకున్నది కూడా పోతుందని అతనికి తట్టదు. రెండోది కార్డీలియా మాటలో ఉన్న కొలత. అక్కలు హద్దూ పద్దూ లేని ప్రేమ చెప్పారు, తండ్రి హద్దూ పద్దూ లేకుండా రాసిచ్చాడు. చిన్నది మాత్రం తాను ఇంతవరకు చెయ్యగలను, అంతకుమించి చెయ్యలేనని చెప్పింది. సభలో ఒప్పందం భాష మాట్లాడింది ఆమె ఒక్కతే. లియర్ తర్వాత పడ్డ పాట్లన్నీ ఆ భాషను అవమానం అనుకోవడం వల్ల వచ్చినవే.

తెలుగులోకి షేక్‌స్పియర్ 1870ల్లోనే వచ్చాడు. వావిలాల వాసుదేవశాస్త్రి ‘జూలియస్ సీజర్’ను పద్యంలోకి తెచ్చారు. 1880 ప్రాంతంలో కందుకూరి వీరేశలింగం వెనిస్ వర్తకుడి కథనూ, ‘చమత్కార రత్నావళి’ పేరుతో ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’నూ తెలుగు చేశారు. ఇవి చదువుకున్నవాళ్ళ నాటకాలు. షేక్‌స్పియర్ పేరు కూడా వినని వాళ్ళ దగ్గరికి లియర్ కథను చేర్చింది మాత్రం సినిమా. 1949 డిసెంబరులో విడుదలైన వాహినీ వారి ‘గుణసుందరి కథ’కు దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు. గోవిందరాజుల సుబ్బారావు ఉగ్రసేన మహారాజు. శాంతకుమారి, మాలతి పెద్దకూతుళ్ళు. శ్రీరంజని చిన్నకూతురు గుణసుందరి.

పింగళి చేసిన పని పరిశీలించదగ్గది. కార్డీలియా చెప్పిన సమాధానంలో సగం ప్రేమ భర్తదన్న ముక్క ఒక చిన్న తర్కం మాత్రమే. అక్కల అతిశయోక్తిని ఎత్తిచూపడానికి పనికొచ్చేది. పింగళి ఆ ఒక్క ముక్కనే పట్టుకుని సినిమా మొత్తానికి ఇరుసు చేశారు. ఆడదానికి భర్తే సర్వస్వమని గుణసుందరి అంటుంది. అయితే నీ సర్వస్వం చూపిస్తానుండమని తండ్రి ఆమెను కస్తూరి శివరావు వేసిన కురూపి దైవాధీనానికి కట్టబెడతాడు. ఇక్కడి నుంచి కథ తండ్రి పతనం వదిలేసి సతి మహిమ వైపు మళ్ళుతుంది. శాపం, మహేంద్రమణి, రేలంగి, శివరామ్ వేసిన అల్లుళ్ళ కుట్రలు, చివరికి శాపవిమోచనం. జనం బ్రహ్మరథం పట్టారు. అయితే లియర్ పొందిన జ్ఞానం ఉగ్రసేనుడికి దక్కలేదు. రాజ్యం ఇచ్చేసి వీధిన పడడం అతని కథలో లేదు, కాబట్టి లేమి అంటే ఏమిటో తెలిసే అవకాశమూ లేదు. మొదటి దృశ్యాన్ని అద్భుతంగా తీసుకుని, దాని ఫలితాన్ని వదిలేసిన అనుసరణ అది. జానపద చిత్రంగా దానికి ఎదురులేదు, లియర్‌గా సగమే.

ఈనాటి ఇంట్లోకి షేక్‌స్పియర్‌ను తేవడంలో పూర్తిగా నెగ్గినది 1962 జూన్ 7న విడుదలైన విజయా వారి ‘గుండమ్మ కథ’. కన్నడ చిత్రం ‘మనె తుంబిద హెణ్ణు’ దానికి ఆధారం. ‘టేమింగ్ ఆఫ్ ది ష్రూ’ నాటకం ఛాయలు అందులో చేరాయి. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు, మాటలు డి.వి. నరసరాజు. నాటకంలో పెట్రూచియో గయ్యాళి భార్యకు తిండీ నిద్రా లేకుండా చేసి లొంగదీస్తాడు. తెలుగులో రాజా తన డబ్బున్న సంగతి దాచిపెట్టి, పుట్టింటి గారాబంలో పెరిగిన సరోజ చేత ఒళ్ళు వంచి పని చేయిస్తాడు. మాడ్చడం పోయి పని నేర్పడం వచ్చింది. తెలుగింటి వాళ్ళు ఒప్పుకునేది అదే. గయ్యాళితనంలో పెద్దవాటా కూతురి మీద నుంచి తీసి సూర్యకాంతం గుండమ్మ మీద పెట్టడం ఇంకా తెలివైన పని. అంజిగా రామారావు, రాజాగా నాగేశ్వరరావు నవ్విస్తూంటే ఇది నాలుగువందల ఏళ్ళనాటి ఇంగ్లీషు నాటకమని ఎవరికి గుర్తుంటుంది?

మిగతా ప్రపంచం లియర్‌ను పొలంలోకి దించిన ఉదాహరణ కూడా ఉంది. జపాన్ దర్శకుడు అకీరా కురొసావా 1985లో ‘రాన్’ తీస్తూ కూతుళ్ళ స్థానంలో కొడుకుల్ని పెట్టాడు కానీ కోటలూ యుద్ధాలూ ఉంచేశాడు. అమెరికా రచయిత్రి జేన్ స్మైలీ 1991 నాటి ‘ఎ థౌజండ్ ఏకర్స్’ నవలలో రాజ్యాన్ని ఐయోవా రాష్ట్రంలోని వెయ్యెకరాల సేద్యంగా మార్చింది. కథను పెద్దకూతురి నోట చెప్పించింది. తండ్రిని వెళ్ళగొట్టిన పిల్లలకూ ఒక వాదం ఉంటుందని ఆ నవల గట్టిగా చూపించింది. మన దేశంలో విశాల్ భరద్వాజ్ ‘మక్బూల్’, ‘ఓంకార’, ‘హైదర్’ చిత్రాల్లో మాక్‌బెత్‌నూ ఒథెల్లోనూ హామ్లెట్‌నూ ముంబై మాఫియాలోకీ ఉత్తరప్రదేశ్ రాజకీయాల్లోకీ కశ్మీర్‌లోకీ తీసుకుపోయాడు. వీటన్నిటిలోనూ ఒక్క లక్షణం ఉమ్మడి. కొత్త చోటు అలంకారంగా ఉండదు. కథను అక్కడి ఆస్తి, అక్కడి చట్టం, అక్కడి పగ నడిపిస్తాయి.

ఆ లెక్కన లియర్ పంపకానికి కశింకోట సరిగ్గా సరిపోయే చోటు. అనకాపల్లి పక్కనే, 16వ నంబరు జాతీయ రహదారి మీద, విజయవాడ–విశాఖపట్నం రైలు మార్గం మీద ఉన్న మండల కేంద్రం ఇది. చుట్టూ తాళ్ళపాలెం, బయ్యవరం, నరసింగబిల్లి లాంటి ఊళ్ళు. పక్కనే అనకాపల్లిలో దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి, చెరకు మీద పరిశోధనలకు పేరుపడ్డ 1913 నాటి వ్యవసాయ పరిశోధన కేంద్రం. ఒకప్పుడు ఇక్కడ భూమి విలువ చెరకు దిగుబడిని బట్టి ఉండేది. పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం సెజ్ వచ్చాక, హైవే వెడల్పయ్యాక, రోడ్డుకు ఎంత దగ్గరన్నదాన్ని బట్టి విలువ కట్టడం మొదలైంది. అదే కమతంలో వెనకవైపు ఎకరానికీ రోడ్డు బిట్టుకీ పొంతన లేదు. లియర్ చిన్నకూతురి కోసం అట్టిపెట్టిన, మిగతావాటికన్నా సంపన్నమైన మూడో భాగం ఏమిటో ఇక్కడ ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు.

భాష సంగతి చూసినా ఇది ఎండిన నేల కాదు. ‘కన్యాశుల్కం’ రాసిన గురజాడ అప్పారావు పుట్టిన ఎస్. రాయవరం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోదే. కోర్టు గుమ్మాల ముందు జనం మాట్లాడే ఉత్తరాంధ్ర మాటను కథల్లోకెత్తిన రాచకొండ విశ్వనాథశాస్త్రిది అనకాపల్లి దగ్గరి తుమ్మపాల. రాజు గ్రాంథికం మాట్లాడక్కర్లేదని ఈ ఇద్దరూ ఎప్పుడో తేల్చేశారు.

కాలం కూడా ఎంచుకోవాలి. 2014 సంక్రాంతి అనుకుంటే చాలా పనులు వాటంతటవే కుదురుతాయి. ఊళ్ళో పండగ, టీవీలో రాష్ట్ర విభజన వార్తలు. ఆ ఏడాది జూన్ 2న రాష్ట్రమే రెండయింది. అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకింది. పంపకానికీ తుపానుకూ మధ్య తొమ్మిది నెలలు. నాటక రచయితకు ఇంతకన్నా ఏం కావాలి?

ఒక్క చిక్కు మాత్రం ముందే విప్పుకోవాలి. లియర్ తన రాజ్యాన్ని ఇష్టం వచ్చినట్టు ఇచ్చెయ్యగలడు. కశింకోట రైతు భూమి పిత్రార్జితమైతే ఇవ్వలేడు. హిందూ వారసత్వ చట్టానికి 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన ఆంధ్రప్రదేశ్ సవరణ, 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే వాటా ఇచ్చాయి. చిన్నకూతురు కోర్టుకెళ్ళి తన వాటా తెచ్చుకుంటుంది, నాటకం మొదటి రంగంలోనే ఆగిపోతుంది. అందుకని ఈ ముసలాయన భూమి స్వార్జితమే కావాలి. గానుగ ఆడించి, బెల్లం అమ్మి, ఎకరం ఎకరం చొప్పున కొన్న ఆరెకరాలు. సొంత కష్టంతో కొన్నవాడికి పంచిపెట్టడంలో గర్వం కూడా ఎక్కువే ఉంటుంది కాబట్టి ఇది కథకు మేలే చేస్తుంది.

ఇక దృశ్యం. కనుమనాటి మధ్యాహ్నం, మాంసం కూరతో భోజనాలయ్యాయి. వీధరుగు మీద నులకమంచం, దాని మీద డెబ్బై అయిదు దాటిన రైతు. భార్య పోయి అయిదేళ్ళయింది. పెద్దకూతురూ అల్లుడూ గాజువాక ఫ్లాటు నుంచి వచ్చారు, రెండో కూతురూ అల్లుడూ అనకాపల్లి నుంచి. చిన్నది పరవాడలో మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం చేస్తోంది, పెళ్ళి కాలేదు. ఒక సంబంధం వాళ్ళు పిల్లను చూసి, భూమి ఎంత పెడతారో తేలాక కబురు చేస్తామన్నారు. పాసుపుస్తకాలూ కొలతల కాగితమూ ముందేసుకుని అరుగు చివర కూర్చున్నది డాక్యుమెంట్ రైటర్. ముప్పై ఏళ్ళుగా ఈ ఇంటి కాగితాలన్నీ రాసింది ఆయనే. రాజ్యం పటం ఈ రూపంలో అరుగు మీద ఉంది.

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. “ఇంక నా వల్ల కాదర్రా. చెరుకెయ్యడానికి ఓపిక లేదు, కూలోళ్ళ ఎనకాల తిరగడానికీ లేదు. ఉన్నది మీకు రాసిచ్చేసి, మీ ఇళ్ళల్లో రెండేసి నెలలు చొప్పున ఉంటాను. నా పాలేరు, నా ఆవులు నాతోటే వస్తాయి. అయితే ఒక మాట. రోడ్డు బిట్టు ఎవరికియ్యాలో నాను తేల్చుకోలేదు. నానంటే మీకెంత ఇదో సెప్పండి, ఇంటాను.”

అల్లుళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దకూతురు తండ్రి కాళ్ళ దగ్గరికి జరిగింది. “ఇది అడగాలా నాన్నా? నా పిల్లల తర్వాత నువ్వు కాదు, నీ తర్వాతే నా పిల్లలు. నువ్వు రాని పండగకి నా ఇంట్లో పొయ్యి వెలిగించను.” ముసలాయన తలాడించాడు. “రాసుకో. పడమటి రెండెకరాలు, నూతితో సహా.”

రెండోది నవ్వింది. “అక్క పిల్లల పేరైనా ఎత్తింది. నాకు మా ఆయనా, మా అత్తింటివాళ్ళూ అందరూ నీ తర్వాతే. ఆయన్నే అడుగు.” ఆయన అవునన్నాడు. మామగారి ముందు ఏమనగలడు? ఉత్తరం వైపు రెండెకరాలు ఆమె పేరున రాతలోకెక్కాయి.

“నువ్వు సెప్పమ్మా,” అన్నాడు చిన్నదానితో. మిగిలిన రెండెకరాలూ హైవే పక్కవి. ఎవరికోసం మిగిల్చాడో అరుగు మీద అందరికీ తెలుసు. “నాకు చెప్పడానికి ఏమీ లేదు నాన్నా.” “ఏటీ లేదా?” “పెంచావు, చదివించావు. కూతురు చెయ్యాల్సింది చేస్తాను. నెలనెలా ఖర్చుకి పంపుతాను, ఒంట్లో బాగాలేకపోతే సెలవు పెట్టుకుని వస్తాను. పెళ్ళయితే ఆ ఇంటి బాధ్యతా ఉంటుంది, అప్పుడు కుదిరినంతే చేస్తాను. అక్కలకి లోకమంతా నువ్వే అయితే, మరి నిరుడు నీకు కంటాపరేషనయినప్పుడు ఇద్దరిలో ఎవరూ రాలేదేం?” ఆ చివరి మాట అనకపోయినా బాగుండేది. నిజం చెప్పేవాళ్ళకు ఎక్కడ ఆపాలో తెలియకపోవడం కార్డీలియాలోనూ ఉన్న లోపమే, దాన్ని ఈ రూపంలోనూ ఉంచాలి.

“అయితే నీ జీతమే నీ వాటా,” అన్నాడు ముసలాయన. రెండెకరాల రోడ్డు బిట్టునూ పెద్దవాళ్ళిద్దరికీ చెరిసగం చేశాడు. అప్పుడు రైటర్ కళ్ళద్దాలు తీశాడు. “బాబూ, కోపంలో కాగితం రాయకూడదు. రాస్తానంటే ఒక్క వాక్యం చేర్చనివ్వండి. మీరు బతికున్నన్నాళ్ళూ తిండీ, వసతీ, మందులూ వీళ్ళు చూడాలి, చూడకపోతే ఆస్తి వెనక్కి రావాలి అని. చట్టంలో ఉన్నదే.” “నా కూతుళ్ళ మీద నాను షరతు రాయించుకోవాలా? నీకు నా ఇంట్లో ఇదే ఆఖరి కాగితం. లెగు.” పండగ మర్నాడు అనకాపల్లి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇంకో రైటర్ రాసిన రెండు గిఫ్టు సెటిల్‌మెంట్ దస్తావేజులు ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టరయ్యాయి. ప్రేమాభిమానాల చేత ఇస్తున్నట్టు వాటిలో ఉంది, షరతు మాట లేదు. సంబంధం వాళ్ళు కబురు చెయ్యడం మానేశారు. ల్యాబులో పక్క బల్ల దగ్గర పనిచేసే కుర్రాడు రిజిస్టరు పెళ్ళికి తేదీ అడిగాడు.

ఇక్కడ కెంట్ స్థానంలో రైటర్‌ను పెట్టడం సౌకర్యం కోసం కాదు. షేక్‌స్పియర్ నాటకంలో కెంట్ రాజు గౌరవం కోసం మాట్లాడితే, ఈ రూపంలో అతను కాపాడబోయేది రాజు కడుపును. తండ్రి వినడానికి ఇష్టపడని మాటే చిన్నకూతురు ఇంటి భాషలో అంది, రైటర్ దస్తావేజు భాషలో అన్నాడు. ఇద్దరికీ ఒకే జవాబు దొరికింది.

మొదటి దృశ్యం తర్వాత అసలు పరీక్ష నూరుమంది పరివారం. కూతుళ్ళు నూరును యాభై చేస్తారు, యాభైని ఇరవై అయిదు, చివరికి ఒక్కడైనా ఎందుకంటారు. అక్కడ గానెరిల్ ఫిర్యాదు ఉత్త దుర్మార్గం కాదు, ఆ పరివారం ఇంట్లో అల్లరి చేస్తోందంటుంది. కశింకోట రూపంలోనూ ప్రతి కోతా సబబుగానే వినిపించాలి. ఫ్లాట్లో ఆవులకు చోటు లేదు, నిజమే. పాలేరు ఎక్కడ పడుకుంటాడు? అపార్టుమెంటు వాచ్‌మన్ ఒప్పుకోడు. సాయంత్రాలు ఊరి నుంచి స్నేహితులొచ్చి చుట్టలు కాలిస్తే పక్క ఫ్లాటు వాళ్ళు అసోసియేషన్‌కి చెబుతారు. పిల్లలకి పరీక్షలు, టీవీ వద్దు. రెండు నెలలు రెండు వారాలవుతాయి. చెల్లెలింట్లోనే ఇంకో నెల ఉండమంటారు, ఆ చెల్లెలి ఇంటికి తాళం ఉంటుంది. ఎవరూ గొంతు పెంచరు. దీన్ని గయ్యాళి కూతుళ్ళ కథగా రాస్తే చెడిపోతుంది. ఎనిమిది గంటల ఉద్యోగాలూ మూడు గదుల ఇళ్ళూ ఉన్న మామూలు మనుషుల కథగా రాస్తేనే భయం పుడుతుంది.

నాటకంలో తుపాను బయలు మీద వస్తుంది. ఇక్కడ హుద్‌హుద్. గంటకు 180 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్న గాలికి జిల్లాలో జడచుట్టిన చెరకు కూడా నేలకొరిగింది, కరెంటు స్తంభాలు పడ్డాయి, రోజుల తరబడి దీపం లేదు. ముసలాయన గాజువాక నుంచి ముందురోజే ఆటో ఎక్కి వచ్చి ఇప్పుడు తనది కాని పొలంలో, మోటారు షెడ్డులో ఉన్నాడు. విదూషకుడి స్థానంలో పాలేరు. ఒకప్పుడు తప్పెటగుళ్ళు ఆడినవాడు, నవ్విస్తూనే వాతలు పెట్టడం అతనికి తెలుసు. ఇలాంటి రేకుల షెడ్డులో బతికేవాళ్ళను ఇన్నేళ్ళూ కూలికి పిలిచాను గానీ, వాన పడితే ఏం చేస్తారో అడగలేదన్న సంగతి ముసలాయనకు అప్పుడు గుర్తొస్తుంది. లియర్ నాటకంలో అన్నిటికన్నా గొప్ప మలుపు ఇదే. ‘గుణసుందరి కథ’ వదిలేసిందీ దీన్నే. పొలం ఉన్న ఏ ఊళ్ళోనైనా ఇది నమ్మకంగా పండుతుంది.

ముగింపు విషయంలో తెలుగు రచయిత టేట్ వైపు మొగ్గుతాడా, షేక్‌స్పియర్ వైపా అన్నది అతని ధైర్యాన్ని బట్టి ఉంటుంది. చిన్నకూతురు తుపాను వెలిసిన నాలుగో రోజున, దారి తెరిచాక, మోటారు సైకిలు మీద భర్తతో వస్తుంది. ఆమెను చంపడం ఈ కథకు అక్కర్లేదు. తండ్రి ఆ చలికి కోలుకోకపోతే చాలు. కొన్ని రోజులు ఆమె ఇంట్లో ఉండి, ఆమెను గుర్తుపట్టి, పోతాడు. ఇక్కడ షేక్‌స్పియర్ కన్నా ఒక మెట్టు తగ్గడమే నయం. ఇంటి కథలో రెండు శవాలు లేస్తే ప్రేక్షకుడి కంట నీటికి బదులు అనుమానం వస్తుంది.

ఇంతలో ఈ కాలపు ప్రేక్షకుడు అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంటుంది. లియర్‌కు ఫిర్యాదు చెయ్యడానికి చోటు లేదు సరే, ఈయనకు ఉందిగా? ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం అరవై దాటినవారికి ట్రిబ్యునల్ ఏర్పాటు చేసింది. నెలకు పదివేల రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. 23వ సెక్షను ఇంకో అడుగు వేసింది. పోషించాలన్న షరతు మీద ఆస్తి ఇచ్చి ఉండి, పుచ్చుకున్నవాళ్ళు పోషించకపోతే, ఆ బదిలీ మోసం చేసి రాయించుకున్నదిగా లెక్కకొచ్చి రద్దవుతుంది. 2022 డిసెంబరు 6న సుదేశ్ చికారా కేసులో సుప్రీంకోర్టు షరతు ఉన్నట్టు రుజువు కాకపోతే ఆ సెక్షను వర్తించదని చెప్పింది. అరుగు మీద రైటర్ చేర్చబోయిన ఒక్క వాక్యం అంత పని చేసేది.

2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో తీర్పు కాస్త తలుపు తెరిచింది. మధ్యప్రదేశ్‌లో ఒక తల్లి 2019లో కొడుక్కి దానం రాసిచ్చింది. చివరిదాకా చూసుకుంటానని కొడుకు రాసిన హామీపత్రాన్ని ఆమె కోర్టు ముందుంచింది. ఈ చట్టం పెద్దవాళ్ళ మేలు కోసం పుట్టింది కాబట్టి దాన్ని ఉదారంగా చదవాలని చెప్పి సుప్రీంకోర్టు దానాన్ని రద్దు చేసింది, ఆస్తి స్వాధీనం కూడా తిరిగి ఇప్పించింది. కాబట్టి 2025 తర్వాత జరిగినట్టు లియర్ కథ రాసేవాళ్ళు ముసలాయన ఎందుకు అర్జీ పెట్టలేదో చెప్పి తీరాలి. నిజ జీవితంలో చాలామంది చెప్పే కారణమే చాలు. కన్నపిల్లల మీద కేసేమిటన్న పరువు. అరుగు మీద రైటర్‌ను లేవగొట్టింది కూడా అదే పరువు.

నాటకం రాసే ఉద్దేశం లేకపోయినా, పంపకం తలపెట్టినవాళ్ళు దస్తావేజులో పోషణ షరతును స్పష్టంగా రాయించుకోవాలి. కశింకోట మండలం వారి అర్జీలు తీసుకునే ట్రిబ్యునల్ అనకాపల్లి ఆర్డీఓ దగ్గర ఉంటుంది. వయోవృద్ధుల సహాయవాణి నంబరు 14567.